కొండ ఎక్కితే ఏసీ గాలి అద్దం మీదకి మళ్ళుతోందా? పాత పికప్‌లో వాక్యూమ్ లీకు పట్టుకునే పద్ధతి

మీరు రాసిన విషయం ఇది. ట్రక్కు 1999 డాజ్ రామ్ 1500, 5.9 లీటర్ల పెట్రోల్ వీ8, ఫోర్ వీల్ డ్రైవ్. డెన్వర్ నుంచి ఐ-70 మీద పడమరకి కొండ ఎక్కుతుంటే ముందు వెంట్ల నుంచి వచ్చే ఏసీ గాలి ఆగిపోయి అద్దం కింద నుంచి వస్తోంది. యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీస్తే కాసేపటికి మళ్ళీ ముందుకి వస్తోంది. షాపులో చూపిస్తే ఏసీ కంట్రోల్ ప్యానెల్ మార్చాలని, దానితో పోకపోతే డ్యాష్‌బోర్డ్ మొత్తం విప్పాలని అన్నారు. ప్యానెల్ కొనాలా అని అడిగారు.

ఇప్పుడే కొనకండి. డ్యాష్ అసలు ముట్టుకోనివ్వకండి. నేను విజయవాడ ఆటోనగర్‌లో పని నేర్చుకుని, ఇక్కడ కొలరాడోకి వచ్చాక చాలా ఏళ్ళుగా పాత పికప్‌లే బాగుచేస్తున్నాను. ఈ ఫిర్యాదుతో నా దగ్గరికి వచ్చిన బండ్లలో ఎక్కువ వాటికి లోపం బానెట్ కిందో బండి కిందో దొరికింది. డ్యాష్ లోపల దొరికినవి తక్కువ. లీకు ఎక్కడుందో కొలిచి తెలుసుకోవచ్చు. కొలవకుండా పార్టు మారిస్తే డబ్బు పోతుంది, లీకు మిగిలిపోతుంది.

ముందు ఇది ఎలా పనిచేస్తుందో చెప్తాను, లేకపోతే తర్వాత చెప్పే పరీక్షలు అర్థం కావు. పెట్రోల్ ఇంజిన్ గాలి పీల్చుకునేటప్పుడు థ్రాటిల్ దాదాపు మూసి ఉంటే ఇంటేక్ మ్యానిఫోల్డ్‌లో వాక్యూమ్ పుడుతుంది. అక్కడి నుంచి ఒక సన్నని నల్ల ప్లాస్టిక్ పైపు బయల్దేరి, గాలిని ఒకవైపే పోనిచ్చే చెక్ వాల్వ్ దాటి, వాక్యూమ్ దాచుకునే చిన్న ట్యాంకుని కలుపుకుని, ఇంజిన్‌కీ క్యాబిన్‌కీ మధ్య గోడ అయిన ఫైర్‌వాల్ గుండా లోపల ప్యానెల్ వెనక్కి వస్తుంది. మీరు తిప్పే మోడ్ నాబ్ నిజానికి ఒక కుళాయి లాంటిది. నాబ్ ఎక్కడ పెడితే ఆ రంగు పైపులోకి వాక్యూమ్ వెళ్తుంది. ఆ పైపు చివర గుండ్రటి యాక్చుయేటర్, అందులో రబ్బరు డయాఫ్రమ్, దానికి కట్టిన కడ్డీ. ఆ కడ్డీ గాలి తలుపుని లాగుతుంది. వాక్యూమ్ పోయిన క్షణం స్ప్రింగ్ తలుపుని వెనక్కి నెట్టేస్తుంది. వెనక్కి అంటే డీఫ్రాస్ట్‌కి, అంటే గాలి అద్దం మీదకి వెళ్ళే స్థానానికి. కావాలనే అలా పెట్టారు. ఏం చెడిపోయినా డ్రైవర్‌కి అద్దం తేటగా ఉండాలి కదా.

అంటే మీ బండి డీఫ్రాస్ట్‌ని ఎంచుకోవడం లేదు, పట్టు వదిలేస్తోంది. కొండ ఎక్కేటప్పుడు థ్రాటిల్ బాగా తెరుచుకుంటుంది, మ్యానిఫోల్డ్‌లో వాక్యూమ్ దాదాపు సున్నాకి పడిపోతుంది. ఇది ప్రతి పెట్రోల్ ఇంజిన్‌లోనూ జరిగేదే. ఆ సమయంలో చెక్ వాల్వ్ మూసుకుని, ట్యాంకులో ఉన్న వాక్యూమ్‌తో తలుపుల్ని పట్టి ఉంచాలి. మీ బండిలో ఆ నిల్వ నిలవడం లేదు. దానికి కారణాలు రెండే: వాల్వ్ మూసుకోకపోవడం, లేదా వాల్వ్ తర్వాత ఎక్కడో లీకు ఉండటం. కాలు తీయగానే గాలి తిరిగి ముందుకి వస్తోందంటే మీ నాబ్, యాక్చుయేటర్లు, తలుపులు పనిచేసే స్థితిలోనే ఉన్నాయి. అందుకే ప్యానెల్ వద్దన్నాను. ప్యానెల్ లోపల కూడా లీకు ఉండవచ్చు, కానీ దాన్ని అనుమానించాల్సింది అన్నిటికన్నా చివర.

మీరుండే చోటు వల్ల ఇంకో చిక్కు ఉంది, దీని గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. పుస్తకాల్లో ఐడిల్‌లో, అంటే బండి ఆగి ఇంజిన్ ఊరికే తిరుగుతున్నప్పుడు, వాక్యూమ్ 17 నుంచి 21 అంగుళాలు (పాదరసం కొలతలో) ఉండాలని రాస్తారు. అది సముద్ర మట్టానికి చెప్పిన లెక్క. ప్రతి వెయ్యి అడుగుల ఎత్తుకీ సుమారు ఒక అంగుళం తగ్గించి చదువుకోవాలి. డెన్వర్ 5,280 అడుగులు. అంటే మీ ఇంటి ముందు ఆరోగ్యంగా ఉన్న ఇంజిన్ కూడా 12 నుంచి 16 అంగుళాలే చూపిస్తుంది. ఆ అంకె చూసి ఇంజిన్ అరిగిపోయిందని భయపెట్టే వాళ్ళుంటారు, వినకండి. ఐసెన్‌హోవర్ టన్నెల్ దగ్గర ఎత్తు 11 వేల అడుగులు దాటుతుంది. అక్కడ ఐడిల్‌లోనే 6 నుంచి 10 అంగుళాలే వస్తాయి. ఈ కంపెనీ పాత సర్వీస్ మాన్యువల్స్‌లో ఏసీ వాక్యూమ్ పరీక్షని 8 అంగుళాల దగ్గర చెయ్యమని ఉంది. అంటే ఆ మాత్రం వాక్యూమ్‌తోనే తలుపులు సరిగ్గా కదలాలి. సముద్ర మట్టానికి దగ్గరగా ఉన్న హ్యూస్టన్‌లో తిరిగే ట్రక్కుకి చిన్న లీకు ఉన్నా మిగులు చాలా ఉంటుంది కాబట్టి బయటపడదు. మీ కొండ మీద ఆ మిగులు లేదు. అందుకే చిన్న లీకు కూడా మీకు పెద్దగా కనిపిస్తోంది. ఇది ఒక రకంగా మేలే, ముదరక ముందే తెలిసింది.

ఏ పనిముట్టూ అవసరం లేని పరీక్షతో మొదలుపెట్టండి. ఇంటి ముందు బండి ఆపి, ఇంజిన్ ఐడిల్‌లో ఉంచి, మోడ్ ముందు వెంట్ల మీద, ఫ్యాన్ ఫుల్ మీద పెట్టండి. ఒక నిమిషం తర్వాత ఇంజిన్ ఆపి, తాళం మళ్ళీ ఆన్‌లోకి తిప్పండి, స్టార్ట్ చేయొద్దు. ఫ్యాన్ తిరుగుతూనే ఉంటుంది. ఒక చేయి వెంట్ దగ్గర, ఇంకో చేయి అద్దం అంచున పెట్టి ఫోన్‌లో టైమర్ చూడండి. బాగున్న బండి నిమిషాల తరబడి గాలిని ముందుకే పంపుతుంది. కొద్ది సెకన్లలోనే అద్దం వైపు చేతికి గాలి తగిలితే నిల్వ నిలవడం లేదని ఖాయం. ఇంజిన్ చప్పుడు లేదు కాబట్టి ఫ్యాన్ కూడా ఆపేసి చెవి పెట్టి వినండి. డ్యాష్ వెనక బుస్సుమని సన్నటి శబ్దం వస్తే ఆ నాబ్ స్థానంలోనే వస్తోందా, అన్నిట్లోనూ వస్తోందా రాసుకోండి.

ఇదే పరీక్షని ట్రాన్స్‌ఫర్ కేస్ (ముందు చక్రాలకి కూడా శక్తి పంచే గేర్ పెట్టె) లీవర్ టూ వీల్‌లో ఉంచి ఒకసారి, ఫోర్ హైలో (మామూలు వేగాల ఫోర్ వీల్ స్థానం) పెట్టి ఒకసారి చేయండి. బండి నిలబడి ఉన్నప్పుడు చాలు. ఎండిన తారు రోడ్డు మీద ఫోర్ వీల్‌లో నడపొద్దు. ఈ రెండో కొలత ఎందుకో కిందకి వచ్చాక చెప్తాను. నా దృష్టిలో మీ బండికి అదే అన్నిటికన్నా ముఖ్యం.

తర్వాత గేజ్ ఉన్న చేతి వాక్యూమ్ పంప్ కావాలి. పెద్ద ఆటో పార్ట్స్ దుకాణాలు చాలావరకు దాన్ని డిపాజిట్ కట్టించుకుని అరువు ఇస్తాయి. కొన్ని అడుగుల రబ్బరు వాక్యూమ్ హోస్, ఒకటి రెండు టీ జాయింట్లు, నాలుగు గోల్ఫ్ టీలు (గోల్ఫ్ బంతిని నిలబెట్టే మేకు లాంటి చిన్న పుల్లలు) తీసుకోండి. గోల్ఫ్ టీ మొన ఏ సైజు పైపులోనైనా బిగుతుగా కూర్చుంటుంది, నా పెట్టెలో ఎప్పుడూ ఉంటాయి.

పద్ధతి ఒక్కటే, సగం సగం చేసుకుంటూ రావాలి. మ్యానిఫోల్డ్ దగ్గర గేజ్ పెట్టి ఐడిల్‌లో ఎంత వస్తుందో చూడండి. డెన్వర్‌లో 14 వచ్చి ముల్లు స్థిరంగా ఉంటే ఇంజిన్ వైపు మంచిదే. ఇప్పుడు ఇంజిన్ ఆపి, చెక్ వాల్వ్‌కి లోపలి వైపు ఉన్న పైపు ఊడదీసి, దానికి పంప్ తగిలించి 12 అంగుళాల దాకా లాగండి. ట్యాంకు నిండాలి కాబట్టి చాలాసార్లు నొక్కాల్సి వస్తుంది, ముల్లు మెల్లగా ఎక్కుతుంది, కంగారు పడొద్దు. ఆపాక ముల్లు కదలకుండా నిలిచిందా, లోపలంతా నిర్దోషి, మీ దొంగ చెక్ వాల్వే. ముల్లు జారిందా, వాల్వ్ తర్వాతి భాగంలో లీకు ఉంది. అక్కడి నుంచి ఒక్కో కొమ్మకీ గోల్ఫ్ టీ పెట్టి మూస్తూ మళ్ళీ లాగండి. ఏ కొమ్మ మూసినప్పుడు ముల్లు నిలిచిందో లీకు ఆ కొమ్మలో ఉంది.

చెక్ వాల్వ్ పరీక్ష సులువు. చేతిలోకి తీసుకుని ఇంజిన్ వైపు కొనకి పంప్ పెట్టి లాగితే గాలి ధారాళంగా రావాలి, ముల్లు ఎక్కకూడదు. రెండో కొనకి పెట్టి లాగితే ముల్లు ఎక్కి నిలవాలి. రెండు వైపులా గాలి వస్తే పారేయండి. నోటితో ఊది చూసేవాళ్ళు ఉన్నారు, లోపల నూనె ఆవిరి ఉంటుంది కాబట్టి పంప్‌తోనే చూడండి. ఇది కొద్ది డాలర్ల పార్టు. పాతది తీసేటప్పుడు ఏ కొన ఇంజిన్ వైపు ఉందో ఫోటో తీసుకోండి. తిరగేసి పెడితే లోపలికి వాక్యూమ్ రానే రాదు, అన్ని మోడ్‌లూ డీఫ్రాస్ట్ అయిపోతాయి.

ఇక ఫోర్ వీల్ సంగతి. 1994 నుంచి 2001 దాకా వచ్చిన ఈ ట్రక్కుల్లో ముందు యాక్సిల్‌ని కలిపి విడదీసేది కూడా వాక్యూమే. ట్రాన్స్‌ఫర్ కేస్ మీద ఒక వాక్యూమ్ స్విచ్ ఉంటుంది. అక్కడి నుంచి పైపులు బండి కింద నుంచి ముందు యాక్సిల్ మీదున్న యాక్చుయేటర్‌కి వెళ్తాయి. దాని డయాఫ్రమ్‌కి రెండు వైపులా వాక్యూమ్ అందుతుంది, టూ వీల్‌లో ఒక వైపు, ఫోర్ వీల్‌లో రెండో వైపు. ఏసీకీ దీనికీ వాక్యూమ్ వచ్చేది ఒకే మూలం నుంచి. ఏసీ లోపం కోసం వెతికేవాళ్ళకి బండి కిందకి చూడాలని తట్టదు, అందుకే ఇది తరచూ తప్పిపోతుంది. ఆ పైపులు ఇరవై అయిదేళ్ళుగా మంచు, రోడ్ల మీద చల్లే ఉప్పు, రాళ్ళు, ఎగ్జాస్ట్ వేడి అన్నీ భరిస్తున్నాయి.

అందుకే పరీక్ష రెండుసార్లు చేయమన్నాను. టూ వీల్‌లో వాక్యూమ్ నిలిచి ఫోర్ హైలో పెట్టగానే పోతే, ఫోర్ వీల్ వైపు పైపులో లీకు ఉంది. రెండింట్లోనూ ఒకే తీరుగా పోతే డయాఫ్రమ్ చిరిగి ఉండవచ్చు, లేదా లీకు ఇంకోచోట ఉండవచ్చు. యాక్చుయేటర్ దగ్గర పైపులు ఊడదీసి ఒక్కో రంధ్రానికీ పంప్ పెట్టి విడిగా చూస్తే తేలిపోతుంది. రెండు వైపులా నిలవాలి. బండి కింద దూరే ముందు చదునైన చోట ఆపి, చక్రాలకి అడ్డాలు పెట్టి, జాక్ స్టాండ్లు వేసుకోండి. ఉత్త జాక్ మీద ఎత్తిన బండి కింద పడుకోవద్దు.

పైపులు ఊడదీసినప్పుడు వాటి లోపల చూడటం మర్చిపోకండి. తెల్ల గుడ్డ మీద కొన తట్టితే ఎర్రటి నూనె మరక పడిందా? అయితే ట్రాన్స్‌ఫర్ కేస్ స్విచ్ సీలు పోయి, అందులోని ఆయిల్‌ని వాక్యూమ్ పైకి పీల్చుకుంటోంది. అది అలాగే వదిలేస్తే ఏసీ ప్యానెల్ దాకా పాకి లోపలి రబ్బర్‌ని ఉబ్బబెట్టి పాడుచేస్తుంది. అలాంటి బండికి కొత్త ప్యానెల్ వేసినా కొన్నాళ్ళకి అదే గతి. స్విచ్ మార్చి, పైపుల్లో నూనె పూర్తిగా శుభ్రం చేశాకే పైకి రావాలి. ఒకాయన రెండుసార్లు ప్యానెల్ మార్పించుకుని మూడోసారికి నా దగ్గరికి వచ్చారు. పైపు వంచితే ఎర్ర నూనె నా చేతి మీద కారింది. ఆయన ముఖం చూస్తే చాలా బాధేసింది. ఒక్కరు, ఒక్కసారి ఆ పైపు ఊడదీసి చూసి ఉంటే ఆ ఖర్చంతా మిగిలేది.

ఇంకో బండి సంగతి కూడా చెప్పాలి, దాని లక్షణాలు అచ్చం మీవే. గేజ్ పెడితే అంతా నిలిచేది, రోడ్డు మీదకి వెళ్తే పోయేది. రెండు రోజులు తిప్పలు పడ్డాను. చివరికి ఫైర్‌వాల్ వెంబడి నల్ల పైపుని అంగుళం అంగుళం వేళ్ళతో తడుముతూ వచ్చాను. రబ్బరు ఎల్బో (వంపు జాయింట్) ప్లాస్టిక్ పైపుని కప్పే చోట గోరు తగిలింది. ఎల్బోని వెనక్కి మడిస్తే లోపల ప్లాస్టిక్‌కి వెంట్రుకంత చీలిక, పైకి కనిపించదు. బండి నిలబడి ఉంటే రబ్బరు దాన్ని మూసి ఉంచుతోంది. కొండ ఎక్కే బరువుకి ఇంజిన్ తన మౌంట్ల మీద ఒరిగినప్పుడు పైపు లాగబడి చీలిక తెరుచుకుంటోంది. అప్పటి నుంచి పంప్ లాగి ఉంచి, రెండో చేత్తో ప్రతి అతుకునీ వంచుతూ, లాగుతూ ముల్లు వైపు చూస్తాను. మీరూ అలాగే చేయండి. మెలితిప్పినప్పుడు ముల్లు ఉలిక్కిపడిందంటే మీరు వెతుకుతున్న చోటు అదే.

బయట అంతా నిలిస్తేనే లోపలికి రండి. అప్పుడు కూడా డ్యాష్ విప్పక్కర్లేదు. ప్యానెల్ చుట్టూ ఉన్న ప్లాస్టిక్ చట్రాన్ని (బెజెల్) మెల్లగా లాగి, స్క్రూలు తీసి ప్యానెల్‌ని ముందుకి లాగితే వెనక ఒకే కనెక్టర్‌లో రంగురంగుల పైపులు గుత్తిగా కనిపిస్తాయి. నల్లది సరఫరా. మిగతావి ఒక్కొక్కటీ ఒక్కో యాక్చుయేటర్‌కి వెళ్తాయి. బండికి ఎయిర్ బ్యాగులు ఉన్నాయి కాబట్టి ముందు బ్యాటరీ నెగటివ్ తీసేసి రెండు నిమిషాలు ఆగండి. తర్వాత ఒక్కో రంగు పైపుకీ పంప్ పెట్టి 8 అంగుళాలు లాగండి. లోపల తలుపు టక్కుమని కదిలిన శబ్దం వినపడాలి, ముల్లు నిమిషం పాటు నిలవాలి. అన్నీ నిలిచి, బయటి నుంచి వచ్చే నల్ల పైపు కూడా నిలిచి, ప్యానెల్ తగిలించగానే మాత్రం పోతుంటే అప్పుడు ప్యానెల్ కొనండి. అప్పుడైతే నేనూ కొనమనే అంటాను. ఏదో ఒక్క రంగు పైపు మాత్రమే నిలవకపోతే ఆ పైపో, దాని చివరి యాక్చుయేటరో.

గాలి వెళ్ళే చోటు సరిగ్గానే ఉండి వేడీ చల్లదనమే మారకపోతే అది వేడి గాలినీ చల్ల గాలినీ కలిపే తలుపు (బ్లెండ్ డోర్) గొడవ, వాక్యూమ్‌కి సంబంధం లేదు. గాలి జోరే తగ్గితే ఫ్యాన్ వైపు, లోపలి రీసర్క్యులేషన్ తలుపు విరిగిందేమో చూడాలి. డీజిల్ కమిన్స్ ఇంజిన్ ఉన్నవాళ్ళు ఇది చదువుతుంటే మీకు మ్యానిఫోల్డ్ వాక్యూమ్ ఉండదు, ఇంజిన్ తిప్పే వేరే పంప్ ఉంటుంది. మన దగ్గర డీజిల్ బండ్లకి ఆల్టర్నేటర్ వెనక ఉండే ఎగ్జాస్టర్ లాంటిదే. కొలత ఆ పంప్ దగ్గర మొదలుపెట్టండి, మిగతాదంతా ఇదే.

రిపేరు గురించి. చీలిన ప్లాస్టిక్ పైపుకి టేప్ చుట్టొద్దు, సిలికాన్ పూయొద్దు. ఇంజిన్ వేడికి రెండూ నిలవవు. చీలిన ముక్కని బ్లేడుతో తిన్నగా కోసి తీసేసి, మధ్యలో బిగుతుగా పట్టే రబ్బరు వాక్యూమ్ హోస్ ముక్క వేయండి. రెండు వైపులా కనీసం అంగుళం లోపలికి వెళ్ళాలి. పక్కనున్న ప్లాస్టిక్ కూడా వంచితే పుటుక్కుమనేలా ఎండిపోయి ఉంటే ఆ పొడవంతా మార్చేయండి, లేకపోతే రాబోయే చలికాలంలో పక్కన ఇంకోచోట పగులుతుంది. కొత్త పైపు ఎగ్జాస్ట్ మ్యానిఫోల్డ్‌కి దూరంగా పోనిచ్చి, ఇంజిన్ కదిలినా లాగబడకుండా కాస్త వదులుంచి క్లిప్పులు వేయండి.

ఏసీ గాలే కదా, వేసవి అయ్యాక చూద్దాం అనుకోకండి. లీకు ఫోర్ వీల్ వైపు ఉంటే మంచు పడిన రోజు లీవర్ వేసినా ముందు చక్రాలు కలవకపోవచ్చు. ఇంకో మాట, బ్రేక్ పెడల్‌ని తేలిక చేసే బ్రేక్ బూస్టర్ కూడా అదే మ్యానిఫోల్డ్ వాక్యూమ్ మీద బతుకుతుంది. దానికి సొంత చెక్ వాల్వ్ ఉంటుంది కాబట్టి మామూలుగా ఏసీ లీకు దాన్ని తాకదు. అయినా బ్రేక్ పెడల్ ఎప్పుడైనా గట్టిగా, రాయిలా తగిలిందంటే ఈ పరీక్షలన్నీ పక్కన పెట్టి ముందు అది చూపించండి, అప్పటిదాకా కొండ ఎక్కొద్దు.

ఈ వారాంతం వీలు చూసుకుని నాకు ఇవి రాయండి: ఐడిల్‌లో మ్యానిఫోల్డ్ దగ్గర ఎన్ని అంగుళాలు, ఇంజిన్ ఆపాక గాలి ముందు వెంట్ల నుంచి ఎన్ని సెకన్లు వచ్చింది, టూ వీల్‌లో ఎంత, ఫోర్ హైలో ఎంత, చెక్ వాల్వ్ తర్వాత పంప్ లాగితే ముల్లు నిలిచిందా జారిందా. యాక్సిల్ దగ్గర ఊడదీసిన పైపు కొనలు తెల్ల గుడ్డ మీద తట్టి ఆ ఫోటో కూడా పెట్టండి. అవి చూస్తే ఏ పైపు మార్చాలో చెప్పగలను.